ఘానా అనాన్సే, జమైకా అనాన్సీ: పిల్లలకు ఏ కథ చెప్పాలి, ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: లైబ్రరీలో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అరగంట కథల కార్యక్రమం పెట్టుకున్నారు. అందులో ఆఫ్రికా సాలీడు కథ తెలుగులో చెప్పాలనుకుంటున్నారు. వెతికితే ఒకచోట అది ఘానా కథ అని, మరోచోట జమైకా కథ అని ఉంది. ఒకరు దేవుడంటారు, ఇంకొకరు దొంగంటారు. ఏ కథ తీసుకోవాలి, ఎలా చెప్పాలి, పిల్లలకు మోసం నేర్పినట్టు కాదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఘానాలోని అకాన్ జనం చెప్పుకునే కథ ఒకటుంది: ఆకాశదేవుడి దగ్గరున్న కథలన్నీ అనాన్సే చేతికి ఎలా వచ్చాయన్నది. దాన్ని ప్రధాన కథగా పెట్టుకోండి, 18 నిమిషాలు పడుతుంది. తర్వాత జమైకాలో చెప్పుకునే అరటికాయల కథ, 5 నిమిషాలు. చివర మళ్లీ ఘానాకు వచ్చి తెలివి కుండ కథ, 4 నిమిషాలు. ఘానా కథనూ జమైకా కథనూ కలిపి ఒకటి చెయ్యకండి, ఏది ఎక్కడిదో పిల్లలకు ఊరూ పేరూ చెప్పి మొదలుపెట్టండి. అనాన్సే దేవుడు కాడు. మోసం సంగతి కింద వివరంగా రాశాను. అతను గెలిచే కథ పక్కన ఓడిపోయే కథ కూడా ఉంచితే ఆ భయం అక్కర్లేదు.

ముందు మనిషి ఎవరో చూద్దాం. అకాన్ భాషలో అనాన్సే అంటే సాలీడు. పూర్తి పేరు క్వాకు అనాన్సే. అకాన్లు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు, బుధవారం పుట్టిన మగపిల్లవాడు క్వాకు. భార్య ఆసో, పెద్దకొడుకు న్తికుమా. మిగతా పిల్లల్లో ఒకడికి పెద్ద తల, ఒకడికి పుల్లల్లాంటి కాళ్లు, ఒకడికి బానపొట్ట. ఇల్లుంది, పొలముంది, అత్తగారిల్లుంది, ఆకలుంది. అంటే ఊళ్లో అందరిలాంటి సంసారి, అదే సమయంలో సాలీడు కూడా. ఎప్పుడు మనిషి, ఎప్పుడు సాలీడు అన్నది అకాన్ కథకులు తేల్చి చెప్పరు. కథకు పట్టు చాలావరకు అక్కడే ఉంది. అందుకని కథకు ముందు బొమ్మ చూపించకండి. ఎనిమిది కాళ్ల బొమ్మ చూసిన పిల్లవాడు, సాలీడు కత్తి ఎలా పట్టుకుంటుందని మధ్యలో అడుగుతాడు. బొమ్మ చూడని పిల్లవాడికి ఆ సందేహం రాదు. క్రియలు మాత్రం "వెళ్లాడు, అడిగాడు" అనే పెట్టండి. "వెళ్లింది" అన్నారంటే క్వాకు అనాన్సే కాస్తా గోడమీది పురుగైపోతాడు.

దేవుడన్న పొరపాటు ఎక్కడ నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. అకాన్లకు సృష్టికర్త న్యామే, ఆకాశదేవుడు. ఆయనకున్న బిరుదుల్లో "మహా సాలీడు" అన్న అర్థం వచ్చే అనాన్సే కొకురొకొ ఒకటి. దాన్ని పట్టుకుని కథల్లోని క్వాకు అనాన్సేను కూడా దేవుణ్ణి చేశారు కొందరు. ఈయనకు గుడి లేదు, మొక్కు లేదు. దేవుడి దగ్గరికి బేరానికి వెళ్లినవాడు, అంతే. అసలు "నీలాంటి దిక్కులేనివాడు కొనగలడా" అని న్యామే అడగడంతోనే కథ మొదలవుతుంది. అతన్ని దేవుడంటే ఆ మొదటి మాటే చచ్చిపోతుంది.

"ఆఫ్రికా కథ" అని కూడా అనకండి, "ఘానాలో అకాన్ల కథ" అనండి. పశ్చిమాఫ్రికాలో సాలీడు కథలు వేరేవాళ్లకూ ఉన్నాయి. హౌసా వాళ్ల సాలీడు గీజో, అతని భార్య కోకీ. ఘానాలోనే ఎవె వాళ్ల సాలీడు అయీయీ. మధ్య ఆఫ్రికాలో అజాండేల సాలీడు తూరె. కానీ నైజీరియాలో యొరుబా, ఇగ్బో వాళ్ల దగ్గర ఆ స్థానం తాబేలుది. అందరినీ ఒకే మూటకట్టడం తప్పు.

ఇక ప్రధాన కథ. అకాన్లలో ఒక శాఖ అయిన అసాంతేల నోటి నుంచి విన్నట్టుగా, మూలభాష ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క వేసి రాట్రే అనే బ్రిటిష్ అధికారి 1930లో అచ్చేసిన రూపం అందరికీ ఆధారం. నేను చెప్పే వివరాలు దానివే. కొకొఫు, బెక్వై, అసుమెంగ్యా లాంటి పెద్ద పెద్ద ఊళ్లే న్యామే దగ్గరున్న కథలు కొనడానికి వచ్చి, కొనలేక వెనక్కి పోయాయి. ఈ పేర్లు కల్పితం కావు, అసాంతే నేల మీది ఊళ్లు. వీటిని వదిలెయ్యకండి, మూడు పేర్లూ పలకండి. విన్నవాళ్లకు కథ ఒక చోట నిలబడుతుంది. న్యామే చెప్పిన వెల నాలుగు: కొండచిలువ ఒనీని, చిరుతపులి ఒసెబొ, కందిరీగల గుంపు మ్మొబొరొ, అడవిలో తిరిగే పొట్టి మాయజీవి మ్మొఆతియా. అనాన్సే ఆ నాలుగూ తెస్తానని, పైగా తన ముసలి తల్లి న్సియాను కూడా కలిపి ఇస్తానని అంటాడు.

ఈ కథను నడిపించేది అనాన్సే తెలివి ఒక్కటే కాదు, పట్టుబడేవాళ్ల స్వభావం. నాలుగు ఉచ్చులూ నాలుగు రకాలు. కొండచిలువకు తన పొడుగు మీద గర్వం. కందిరీగలకు వాన అంటే భయం. చిరుత రోజూ ఒకే బాటలో నడుస్తుంది. మాయజీవికి మర్యాద పట్టింపు, థాంక్స్ చెప్తే బదులు పలకకపోతే ఒళ్లు మండుతుంది. ఎవరి ఉచ్చుకు కావలసిన తాడు వాళ్లే అందిస్తారు. ఇది మీకు ఒంటబడితే మాటలు బట్టీ పట్టక్కర్లేదు.

చెప్పేటప్పుడు ఒక్కొక్కటీ ఇలా:

కొండచిలువ (5 నిమిషాలు). ఆసో సలహా: తాటి జాతి చెట్టు మట్ట ఒకటి, అడవితీగ కొంత కోసుకుని వాగు దగ్గరికి వెళ్లు. అనాన్సే దారిపొడుగునా తనలో తానే వాదించుకుంటూ వెళ్తాడు: "ఇదే పొడుగు. కాదు, వాడే పొడుగు. అబద్ధం, ఇదే పొడుగు." పక్కనే పడుకున్న కొండచిలువ విని, గొడవేమిటని అడుగుతుంది. నా భార్యతో పందెం అంటాడు. కొలిచి చూడు అంటుంది పాము. చేతికి ఆరడుగుల వెదురు కర్ర ఒకటి, మూడు గజాల నూలుతాడు ఒకటి ఉంచుకోండి. కర్రకు తాడు చుట్టుకుంటూ పోండి, తోక వైపు నుంచి తల వైపుకి. మూలకథలో ఆ చుట్టే శబ్దానికి "న్వెనెనె, న్వెనెనె, న్వెనెనె" అని ఉంది. దాన్ని అలాగే ఉంచినా బాగుంటుంది, "గిర్ర్, గిర్ర్" అన్నా సరిపోతుంది. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు: "అనాన్సే పామును కట్టేద్దామని ఉపాయం పన్నాడు" అని ముందే చెప్పెయ్యడం. ఆ ఒక్క వాక్యంతో ఐదు నిమిషాలూ వృథా. మట్ట కోశాడు, తీగ కోశాడు, బయలుదేరాడు, అంతవరకే చెప్పండి. ఎందుకన్నది పిల్లలే పసిగట్టాలి. తాడు రెండో చుట్టు పడేసరికి ఎవరో ఒకరు కేకేస్తారు.

కందిరీగలు (4 నిమిషాలు). సొరబుర్ర నిండా నీళ్లు. సగం గూటి మీద చల్లి, మిగతాది తన నెత్తిన పోసుకుని, అరటాకు కప్పుకుంటాడు. "వానొచ్చింది, తడిసిపోతారు, ఈ బుర్రలోకి రండి" అంటాడు. తనమీద పోసుకున్న నీళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే కందిరీగలు నమ్మవు, పిల్లలూ నమ్మరు. ఎండిన సొరబుర్ర దొరికితే తెచ్చుకోండి, లేకపోతే మూతి సన్నంగా ఉన్న చెంబు చాలు. "జుమ్మ్" అని పిల్లలందరి చేతా అనిపించి, అరచేత్తో మూతి మూసిన క్షణంలో ఆపించండి. ఒక్కసారి ముందుగా అలవాటు చేస్తే చాలు, చక్కగా ఆపుతారు.

చిరుతపులి (2 నిమిషాలు). దీన్ని కావాలనే పొట్టిగా ఉంచాలి. ఆసో "గొయ్యి తవ్వు" అని మొదలుపెట్టగానే అనాన్సే "చాలు, అర్థమైంది" అంటాడు. కథే ఇక్కడ తనను తాను కుదించుకుంది. నాలుగు పట్టివేతలూ సమానంగా సాగదీస్తే మూడోదానికల్లా పిల్లలు కదలడం మొదలుపెడతారు. 1930 రూపంలో గోతిలోంచి పైకి వస్తున్న చిరుత తల మీద అనాన్సే కత్తితో కొడతాడు. 10 ఏళ్లు దాటినవాళ్లకు అలాగే చెప్పవచ్చు. చిన్నవాళ్లుంటే రెండు కర్రలు దించాడు, పంజాలు పెట్టమన్నాడు, కట్టేశాడు అని చెప్పినా కథ దెబ్బతినదు. "పైకి తీస్తే రేపు నన్నూ నా పిల్లల్నీ తినవా?" "ఛ, నేనా?" అన్న ఆ రెండు మాటలు మాత్రం వదలొద్దు.

మ్మొఆతియా (5 నిమిషాలు). ఇక్కడ ఆసో లేదు, పని అంతా అనాన్సేదే. నల్లటి చదును మొహం చెక్కబొమ్మ, అకాన్లు అకువాబా అనేది, చెక్కి ఒళ్లంతా చెట్టు జిగురు పూస్తాడు. ఉడికించి దంచిన పెండలం ముద్ద కొంత బొమ్మ చేతిలో, కొంత ఇత్తడి పళ్లెంలో. నడుముకు దారం. ఆ మాయజీవులు ఆడుకునే ఒదుమ్ చెట్టు మొదట్లో దాన్ని కూర్చోబెడతాడు. తినొచ్చా అని అడిగితే దారం లాగుతాడు, బొమ్మ తలూపుతుంది. తిని థాంక్స్ చెప్తే మాత్రం బొమ్మ పలకదు. చెంప మీద ఒకటి వెయ్యి అంటుంది పక్కనున్న మాయజీవి అక్క. చెయ్యి అతుక్కుంటుంది. రెండో చెయ్యి, కాళ్లు, పొట్ట. ఒక్కో అవయవానికీ ఒక్కో "ఫట్", పిల్లలు కూడా మీతో పాటు కొట్టుకుంటూ వస్తారు. దారం ఎవరు లాగుతున్నారో ముందే చెప్పాలా అంటే, ఇక్కడ చెప్పాలి. పైన పాము దగ్గర దాచమన్నాను, ఇక్కడ దాస్తే బొమ్మకు ప్రాణం వచ్చిందనుకుంటారు.

మొదటి మూడుసార్లూ తెచ్చి అప్పగించినప్పుడు న్యామే ఒకే మాట అంటాడు: "నా చెయ్యి దీన్ని తాకింది. మిగిలింది మిగిలే ఉంది." దీన్ని మూడుసార్లూ ఒకే రాగంలో, ఒకే వేగంతో అనండి. రెండోసారికే పిల్లలు అందుకుంటారు. మెచ్చుకోలు కలపకండి. న్యామే మొదట్లోనే "శభాష్" అంటే, చివర పెద్దలందరినీ పిలిచి అనాన్సేను పొగడమన్నప్పుడు దానికి బరువుండదు.

ఆసోను తీసెయ్యొద్దు. పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో ఆవిడ మాయమై, ఉపాయాలన్నీ భర్తవే అయిపోయాయి. అసాంతే రూపంలో మొదటి మూడు సలహాలూ ఆవిడవి. ఇంట్లో కూర్చుని భార్య దారి చెప్పడం, బయటికి వెళ్లి భర్త నటించడం, ఈ జోడీయే కథకు అందం.

తల్లి సంగతి కొంచెం కష్టం. చివరికి ముసలి న్సియాను నిజంగానే న్యామేకు ఇచ్చేస్తాడు. అకాన్లలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కథల కోసం ఎంత దూరమైనా వెళ్తాడన్నది వినేవాళ్లకు గుచ్చుకోవాలనే అది అక్కడుంది. 8 ఏళ్లవాళ్లు ఎక్కువగా ఉంటే మొదట్లో అనాన్సే చేసిన ఆ వాగ్దానాన్నే తీసెయ్యండి. వాగ్దానం చెప్పి, చివర తల్లిని మర్చిపోవడం మాత్రం వద్దు. పిల్లలు లెక్క పెట్టుకుంటూనే ఉంటారు.

ఇప్పుడు కథ చుట్టూ ఉండేవాటి గురించి. అకాన్ కథనం ఒక్కడు మాట్లాడి అందరూ వినేది కాదు. అసాంతే కథకుడు చీకటి పడ్డాక, మేం చెప్పేది నిజమని మేం అనడం లేదు, నిజమని అనడం లేదు అంటూ మొదలుపెడతాడు. అకాన్లలోనే మరో శాఖ ఫాంతే, వాళ్ల ఊళ్లలో కథకుడు "కథ నమ్మడానికి కాదు" అంటే, విన్నవాళ్లు "దాచుకోవడానికి" అని బదులిస్తారు. ఈ ఫాంతే జంట వాక్యం తెలుగులో బాగా కూర్చుంటుంది. మొదట్లో రెండుసార్లు అనిపించండి. మధ్యలో పిల్లల చేత ఊ కొట్టించండి, మనకు అది కొత్త కాదు, అకాన్ పద్ధతికి దగ్గర కూడా. చప్పట్లు కొట్టే పిల్లలు కొందరుంటే, ఒకడికి "ఊ" బాధ్యత ఒప్పజెప్పండి.

ఇంకొకటి మ్మొగువొ. అంటే కథ మధ్యలో పాట. కథకుడే కాదు, వినేవాళ్లలో ఎవరైనా కథను ఆపి పాట ఎత్తుకోవచ్చు, అందరూ చప్పట్లతో అందుకుంటారు, పాట అయ్యాక కథ ఆగినచోటు నుంచి సాగుతుంది. ఘానా నాటకకర్త ఎఫువా సదర్లండ్ దీన్నే తీసుకుని రంగస్థల పద్ధతి ఒకటి తయారుచేసింది. ఎకుంఫి అత్వియా ఊళ్లో కథల కోసమే కట్టిన కొద్జిదాన్ అనే ఇల్లు కూడా ఆవిడ ప్రోద్బలంతో వచ్చిందే. మీకు రెండు పాటలు చాలు, ఒక్కోటి అర నిమిషం మించొద్దు. పాము దగ్గర "ఏది పొడుగు, ఏది పొడుగు? మట్ట పొడుగా, పాము పొడుగా?" లాంటి నాలుగు మాటలు మీరే కట్టుకోండి. సినిమా పాట వరస వాడొద్దు. పిల్లలు ఆ పాటలోకి వెళ్లిపోతే మళ్లీ అడవిలోకి తీసుకురావడం కష్టం.

ముగింపులో "కథ కంచికి, మనం ఇంటికి" అని అలవాటుగా నోటికొస్తుంది. దాన్ని ఆపుకోండి. అకాన్ కథకు దాని ముగింపే ఉంది: నేను చెప్పిన ఈ కథ తియ్యగా ఉన్నా, లేకున్నా, కొంత మీరు పట్టుకెళ్లండి, కొంత నా దగ్గరికి తిరిగి రానివ్వండి. అర్థం ఇది, మీ మాటల్లో చెప్పుకోండి. చెప్పాక ఎవరినైనా ఒకరిని తమ కథ చెప్పమని అడిగితే అసలు పద్ధతి పూర్తవుతుంది.

ఇక జమైకా. బ్రిటిష్ వాళ్లు 1807లో బానిసల వ్యాపారం ఆపేదాకా, గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘానా తీరం) నుంచి పెద్ద సంఖ్యలో అకాన్లను అక్కడి చెరకు తోటలకు తరలించారు. వారాల పేర్లు కూడా వాళ్లతో వెళ్లాయి. బానిసత్వం నుంచి తప్పించుకుని కొండల్లో నిలిచిన మరూన్ల నాయకుడు, 1739లో బ్రిటిష్ వాళ్లతో సంధి చేసుకున్న కజో పేరు సోమవారం పేరే. సాలీడు కథలూ అలాగే దాటాయి. ఒక తోట యజమాని రాసుకున్న, 1834లో అచ్చైన డైరీలో "నాన్సీ కథలు" కనిపిస్తాయి. జెకిల్ 1907లో, మార్తా బెక్‌విత్ 1924లో వాటిని సేకరించి పుస్తకాలుగా వేశారు. చావు జరిగిన ఇంట్లో తొమ్మిది రాత్రులు మేలుకునే ఆచారంలో కూడా ఈ కథలు చెప్పుకునేవాళ్లు.

దాటుతూ ఏం మారిందో గమనించండి. న్యామే కథల్లోంచి దాదాపు పోయాడు. చిరుత స్థానంలో టైగర్ వచ్చాడు, ఆ దీవిలోనూ పశ్చిమాఫ్రికాలోనూ పులి లేకపోయినా. తాటిమట్ట పోయి వెదురు వచ్చింది. న్తికుమా కాస్తా టకూమా అయ్యాడు, కొన్ని కథల్లో కొడుకు, కొన్నింట్లో ఇరుగుపొరుగు స్నేహితుడు. భార్య క్రూకీ. అనాన్సీ ముక్కుతో, నంగినంగిగా మాట్లాడతాడు. ముగింపు వాక్యం "జాక్ మండోరా, మి నో చూజ్ నన్". ఇది ఎవరినీ ఉద్దేశించి చెప్పింది కాదు, తప్పు నాది కాదు అన్న భావంతో వాడతారు. దీన్ని అలాగే పలికించండి, పిల్లలకు తమాషాగా ఉంటుంది. ఇదే వాక్యాన్ని అకాన్ కథ చివర పెట్టడం నేను తరచూ చూసే కలగాపులగం.

అరటికాయల కథకు నాలుగు అరటిపళ్లు చాలు. అనాన్సీకి ఒక రోజు దొరికినవి నాలుగే. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. నలుగురికీ తలొకటి పంచి, "నాకేం వద్దు, మీరు తింటే చాలు" అని నీరసంగా కూర్చుంటాడు. జాలిపడి ఒక్కొక్కరూ తమదాంట్లో సగం విరిచి ఇస్తారు. చివరికి వాళ్ల దగ్గర తలా అర, అతని దగ్గర రెండు. నలుగురు పిల్లల్ని ముందుకు పిలిచి నిజంగానే పంచండి, చేత్తోనే విరిపించండి. కత్తితో కోస్తే జాలి కనపడదు, కొలత కనపడుతుంది. లెక్క మీరు చెప్పొద్దు. మీ చేతిలో పళ్లు చూసి వాళ్లే లెక్కేస్తారు, అప్పుడు వచ్చే గోలే ఈ కథకు ముగింపు.

మోసం నేర్పినట్టు కాదా అన్న ప్రశ్న జమైకాలోనూ అడుగుతున్నారు. అనాన్సీయిజం అని ఒక మాటే ఉంది అక్కడ, అడ్డదారిలో పని చక్కబెట్టుకోవడాన్ని తప్పుబట్టడానికి వాడతారు. ఇంకోవైపు, కొరడా పట్టుకున్నవాడి ముందు బలం పనికిరాని చోట, టైగర్‌ను గుర్రంగా చేసి సవారీ చేసిన చిన్న సాలీడు కథ వింటే ఆ రాత్రికి గుండె కొంచెం నిటారుగా నిలిచేది. ఈ రెండో మాట నిజమే, కానీ దానితోనే అన్నీ సరిపెట్టెయ్యడానికి నాకు మనసొప్పదు. అనాన్సీ బలవంతుల్నే కాదు, పైన చూశారుగా, ఆకలిగా ఉన్న తన పిల్లల్ని కూడా మోసం చేస్తాడు. అతన్ని వీరుణ్ణి చేసినా, దుర్మార్గుణ్ణి చేసినా సగం కథలు మీ చేతిలోంచి జారిపోతాయి. తీర్పు చెప్పకుండా చెప్పండి. "దీనివల్ల మనకు తెలిసే నీతి" అన్న వాక్యం ఎక్కడా వద్దు.

తీర్పుకు బదులుగా ఉండేది తెలివి కుండ. లోకంలోని తెలివంతా అనాన్సే ఒక కుండలో (కొన్నిచోట్ల సొరబుర్ర) మూటకట్టి, ఎవరికీ అందకుండా చెట్టు మీద దాచాలనుకుంటాడు. కుండను పొట్టకు కట్టుకుని ఎక్కబోతాడు, మధ్యలో అడ్డం, జారుతున్నాడు. కింద నుంచి న్తికుమా, "నాన్నా, వీపుకు కట్టుకోవచ్చుగా?" అంటాడు. తెలివంతా తన దగ్గరే ఉందనుకున్నవాడికి కొడుకు చెప్పాల్సి వచ్చింది. కోపంతో కుండ వదిలేస్తాడు, పగిలిపోతుంది, దొరికినవాళ్లు దొరికినంత ఏరుకుంటారు. మీ పొట్టకు ఒక చెంబు కట్టుకుని ఎక్కుతున్నట్టు నటించండి. "వీపుకు కట్టుకో" అన్న మాట ఏదో ఒక పిల్లవాడి నోటి నుంచే వచ్చేదాకా ఓపిక పట్టండి. వస్తుంది. వచ్చాక, ఆ పిల్లవాడే న్తికుమా అయినట్టు కథ సాగించండి.

ఇంకా ఓడిపోయే కథ కావాలంటే, అత్తగారి చావుకు వెళ్లి, నేను ఉపవాసం ఉంటానని గొప్పకు పోయి, ఆకలికి ఆగలేక ఉడుకు అలసందలు టోపీలో దాచుకుని నెత్తి కాల్చుకున్న కథ ఉంది. బట్టతల అలా వచ్చిందట. చావింటి సందర్భం కనక చిన్నపిల్లలకు వద్దు, 12 ఏళ్లవాళ్లకు బాగా నచ్చుతుంది.

మిగతా కరీబియన్ గురించి క్లుప్తంగా: సురినామ్‌లో అనాన్సి తోరి, కురసావ్‌లో కొంపా నాన్సి, అతని భార్య షి మరియా, వాళ్లమీద షోన్ అరేయ్ అనే రాజు. అమెరికాలో దక్షిణ కరోలినా తీరంలో ఆంట్ నాన్సీ అయిపోయాడు. అమెరికా నల్లవాళ్ల కథల్లోని బ్రెర్ రాబిట్‌ను "అనాన్సేయే కుందేలయ్యాడు" అని రాసేవాళ్లున్నారు. కొన్ని కథలు కలుస్తాయి, నిజమే, కానీ ఆఫ్రికాలోనే కుందేలు కథలు వేరుగా ఉన్నాయి. అలాగే జిగురు బొమ్మ కథ ఎక్కడ కనిపించినా అది ఘానా నుంచే వచ్చిందనుకోకండి. కొట్టిన ప్రతి అవయవమూ అతుక్కుపోయే జిగట వెంట్రుకల రాక్షసుడు మన జాతక కథల్లోనూ ఉన్నాడు.

పుస్తకమో వీడియోనో ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఏ జనం దగ్గర, ఏ దేశంలో విన్న కథో చెప్పిందా? ఆసో ఉందా? న్యామే, టైగర్ ఇద్దరూ ఒకే కథలో కనపడుతున్నారా? మూడోది అవును అయితే అది ఎవరో అతికించిన కథ అయ్యుండే అవకాశం ఎక్కువ, చదువుకోవచ్చు గానీ "ఘానా జానపద కథ" అని చెప్పొద్దు.

కార్యక్రమం తర్వాత పిల్లలు తప్పకుండా అడిగేవి రెండున్నాయి, సిద్ధంగా ఉండండి. కందిరీగల్ని న్యామే ఏం చేసుకున్నాడు? కథ చెప్పదు, మీరు కూడా కల్పించకండి, నీకేమనిపిస్తోందని అడిగి రెండు మూడు జవాబులు విని ఊరుకోండి. ఇది నిజమా? దీనికి జవాబు మొదట్లో వాళ్ల చేతే అనిపించారు: నమ్మడానికి కాదు, దాచుకోవడానికి. ఆ వాక్యంలో మొదటి సగం మీరు అంటే, రెండో సగం వాళ్లు అంటారు.